జంతు పరీక్షలకి ప్రత్యామ్నాయాలు కనిపెట్టేవాళ్లకి పేరొస్తుందా?

నమస్తే అండి. మీ అమ్మాయి ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ పూర్తి చేస్తోందని, ఇక ఎలుకల మీద పని చేయనంటోందని, జంతు పరీక్షలకి ప్రత్యామ్నాయాల మీదే పీహెచ్‌డీ చేస్తానంటోందని రాశారు. ఇందులో గుర్తింపు ఉంటుందా, అవార్డులేమైనా ఇస్తారా, ఉద్యోగాలు దొరుకుతాయా, లేక "మంచి మనసున్న పిల్ల" అని మెచ్చుకుని పక్కన కూర్చోబెడతారా అన్నది మీ టెన్షన్. నేను ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీల్లో క్యూసీ (నాణ్యత తనిఖీ) మైక్రోబయాలజీ వైపు పనిచేశాను. తర్వాత ఒక కాలేజీ యానిమల్ ఎథిక్స్ కమిటీలో సభ్యుడిగా ఉన్నాను. నా జవాబులో ఆ అనుభవం వాసన ఉంటుంది.

అవార్డుల సంగతి ముందు చెప్పేస్తాను, అది త్వరగా అయిపోతుంది. బ్రిటన్‌లో లష్ అనే సౌందర్య సాధనాల కంపెనీ పేరు మీద 2012లో మొదలైన లష్ ప్రైజ్ ఉంది. మొత్తం నిధి రెండున్నర లక్షల పౌండ్లు. దాన్ని సైన్స్, శిక్షణ, యువ పరిశోధకులు, ప్రచారం లాంటి విభాగాలకి పంచుతారు. అమెరికాలో హ్యూమేన్ సొసైటీ 1991లో రస్సెల్-బర్చ్ అవార్డు పెట్టింది. స్వీడన్ టాక్సికాలజిస్టు బ్యోర్న్ ఎక్వాల్ పేరు మీద స్కాండినేవియా వాళ్లు ఒక స్మారక అవార్డు ఇస్తారు. బ్రిటన్ ప్రభుత్వం 2004లో ఎన్‌సీ3ఆర్ఎస్ అనే సంస్థ పెట్టింది. అది ప్రచురితమైన పరిశోధన పత్రాన్ని చూసి బహుమతి ఇస్తుంది. నా దృష్టిలో సీవీలో బరువున్నది ఈ చివరిది. మిగతావి తక్కువవని కాదు. కానీ జంతు సంక్షేమ సంఘమో, సబ్బుల కంపెనీయో ఇచ్చిన బహుమతి అనగానే మన దగ్గర చాలామంది ప్రొఫెసర్లు దాన్ని ఉద్యమంలో వచ్చిన సన్మానంలాగా చూస్తారు. అది అన్యాయమే, కానీ అలా చూస్తారన్నది నిజం.

రస్సెల్, బర్చ్ అన్న పేర్లు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి. విలియం రస్సెల్ జంతుశాస్త్రవేత్త, రెక్స్ బర్చ్ మైక్రోబయాలజిస్టు. ప్రయోగశాలల్లో జంతువుల బాధ తగ్గించే దారులు వెతకమని 1954లో ఒక బ్రిటిష్ సంస్థ ఈ ఇద్దరికీ పని అప్పజెప్పింది. 1959లో వాళ్లు రాసిన పుస్తకంలోంచే రీప్లేస్‌మెంట్ (జంతువు బదులు వేరే పద్ధతి), రిడక్షన్ (తక్కువ జంతువులు), రిఫైన్‌మెంట్ (తక్కువ బాధ) అనే మూడు ఆర్‌లు వచ్చాయి. ఇవాళ మన ఎథిక్స్ కమిటీల దరఖాస్తులు కూడా వాటి చుట్టూనే తిరుగుతాయి. ఆ పుస్తకాన్ని మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1995లో ఇంగ్లండ్‌లోని షెరింగ్‌హామ్‌లో ఇదే అంశం మీద సమావేశం పెట్టినప్పుడు ఇద్దరూ వచ్చారు. అప్పటికి పుస్తకం వచ్చి 36 ఏళ్లు. మరుసటి ఏడాదే బర్చ్ పోయారు. ఈ రంగానికి పునాది వేసినవాళ్లకే గుర్తింపు ఇంత ఆలస్యంగా వచ్చింది.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికొస్తాను. పైరోజన్ టెస్ట్, అంటే ఇంజెక్షన్ మందులో జ్వరం తెప్పించే పదార్థాలున్నాయా అని చూసే పరీక్ష.

ఇంజెక్షన్ మందులో బతికున్న బ్యాక్టీరియా ఒక్కటి లేకపోయినా, చచ్చిన బ్యాక్టీరియా తునకలుంటే చాలు, రోగికి చలిజ్వరం వస్తుంది. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. దీనికి కారణం నీళ్లలోని బ్యాక్టీరియా పదార్థమేనని 1920లలో ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తేల్చారు. ఆ పని మీదే కుందేలు పరీక్ష నిలబడింది, 1942లో అమెరికా ఫార్మకోపియాలోకి, అంటే మందుల ప్రమాణాల అధికారిక పుస్తకంలోకి ఎక్కింది. మూడు కుందేళ్లని కదలకుండా పెట్టెల్లో బిగించి, చెవి సిరలోకి మందెక్కించి, మూడు గంటలపాటు మలద్వారంలో థర్మామీటర్ పెట్టి జ్వరం చూసేవారు. ఫలితం అటూ ఇటూ ఉంటే ఇంకో ఐదు కుందేళ్లు. ప్రతి బ్యాచ్‌కీ ఇదే తంతు. కుందేలుకి భయం వేసినా ఒంటి వేడి మారుతుంది, గదిలో ఏసీ సరిగ్గా లేకపోయినా మారుతుంది. యానిమల్ హౌస్‌లో పనిచేసినవాళ్లని అడగండి, శబ్దం కాకుండా తలుపు వేయడం కూడా ఒక విద్యే అని చెబుతారు.

మొదటి మలుపు సముద్రంలోంచి వచ్చింది. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే డాక్టరు, గుర్రపు నాడా ఆకారంలో ఉండే హార్స్‌షూ పీతలకి బ్యాక్టీరియా ఎక్కిస్తే వాటి నీలి రక్తం గడ్డకట్టేస్తోందని గమనించాడు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి, ఆ రక్తకణాల సారంతో ఎండోటాక్సిన్‌ని, అంటే పైన చెప్పిన బ్యాక్టీరియా తునకల్లోని జ్వరకారకాన్ని, పట్టుకోవచ్చని చూపించాడు. అదే ఎల్ఏఎల్ టెస్ట్. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నాక లక్షల కుందేళ్లకి ఆ పెట్టె తప్పింది. బ్యాంగ్‌గారు మొదలుపెట్టింది కుందేళ్లని కాపాడదామని కాదు. పీత రక్తం ఎలా గడ్డకడుతుందో చూద్దామని.

కుందేలు బయటపడింది, పీత ఇరుక్కుంది. వాటిని పట్టి, కొంత రక్తం తీసి తిరిగి సముద్రంలో వదులుతారు. కొన్ని చస్తాయి. దీన్ని ప్రత్యామ్నాయం అనాలా వద్దా అని మా కమిటీలో ఒకసారి మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం.

ఆ తర్వాతి అడుగు వేసింది సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలోని డింగ్ జియాక్ లింగ్, హో బో దంపతులు. అక్కడి మడ అడవుల్లో దొరికే పీత నుంచి, ఎండోటాక్సిన్‌ని మొదట పసిగట్టే ఫ్యాక్టర్-సి అనే ప్రోటీన్ జన్యువుని వేరుచేశారు. దాన్ని పురుగుల కణాల్లో పెట్టి ప్రయోగశాలలోనే ప్రోటీన్ తయారుచేయించారు. పీత అవసరం ఇక లేదు. 2003లో ఆ కిట్ మార్కెట్‌లోకి వచ్చింది.

అప్పటికప్పుడు ప్రపంచమంతా మారిపోయిందనుకుంటున్నారా? ఏళ్ల తరబడి కిట్ అమ్మేది ఒక్క కంపెనీయే. ఒక్కడి మీదే ఆధారపడితే సరఫరా ఆగినరోజు బ్యాచ్‌లన్నీ ఆగుతాయని మాలాంటి క్యూసీ వాళ్లకి భయం. దానికితోడు ఫార్మకోపియాలో దానికి సొంత అధ్యాయం లేదు కాబట్టి, వాడాలంటే ప్రతి కంపెనీ తనే వ్యాలిడేషన్ చేసి, అంటే పద్ధతి నమ్మదగ్గదని నిరూపించి, రెగ్యులేటర్‌ని ఒప్పించాలి. ఎవరు పడతారు ఆ తిప్పలు? చివరికి ఎలి లిలీ కంపెనీలో జే బోల్డెన్ అనే శాస్త్రవేత్త పట్టుబట్టి ఆ తిప్పలు పడ్డాడు. ఆ పద్ధతితో పరీక్షించిన మైగ్రేన్ మందు ఎమ్‌గాలిటీకి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. యూరోపియన్ ఫార్మకోపియాలో ఆ పద్ధతి అధ్యాయం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కిట్ వచ్చిన పద్దెనిమిదేళ్లకి.

ఇక పీత పరీక్షకి అందనివి కూడా ఉన్నాయి. అది ఎండోటాక్సిన్‌ని మాత్రమే పట్టుకుంటుంది, జ్వరం తెప్పించే మిగతా పదార్థాలని వదిలేస్తుంది. అందుకని కుందేలు పూర్తిగా పోలేదు. 1995లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ యూనివర్సిటీలో థామస్ హార్టుంగ్, ఆల్‌బ్రెహ్ట్ వెండెల్ ఒక సూటి ఆలోచన చేశారు. మనిషికి జ్వరం వస్తుందా లేదా తెలియాలంటే మనిషి రక్తాన్నే అడిగితే పోదా? దాత ఇచ్చిన రక్తంలో మందు కలిపి, అందులోని మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు జ్వరానికి సంకేతమిచ్చే ఇంటర్‌ల్యూకిన్ అనే పదార్థాన్ని వదిలాయా అని కొలవడమే. దీన్నే మోనోసైట్ యాక్టివేషన్ టెస్ట్, పొట్టిగా మాట్ అంటున్నారు. 2006లో యూరప్ వ్యాలిడేషన్ సంఘం ఆమోదించింది, 2010లో ఫార్మకోపియాకెక్కింది. కుందేలు పరీక్షని యూరోపియన్ ఫార్మకోపియా నుంచి పూర్తిగా తీసేయాలన్న నిర్ణయం 2024లో వచ్చింది. ఆలోచన నుంచి అక్కడికి దాదాపు మూడు దశాబ్దాలు. మన ఇండియన్ ఫార్మకోపియా కూడా 2018 ఎడిషన్‌లో కుందేలు బదులు ఎండోటాక్సిన్ టెస్టో, మాటో చేయమంది. ఈ ఒక్క విషయంలో మనం మరీ వెనకబడి లేం.

ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణం ఉంది. ఈ కథలో హార్టుంగ్, డింగ్ లాంటి ఐదారు పేర్లు బయటికి తెలుస్తాయి, అవార్డులూ వాళ్ల దాకా వెళ్తాయి. కానీ ఒకే నమూనాని పది ల్యాబుల్లో పరీక్షించి ఫలితాలు కలుస్తున్నాయా అని చూసేవాళ్లు, కలవని చోట పిపెట్ దగ్గర తప్పుందా, పద్ధతిలోనే తప్పుందా అని వెతికేవాళ్లు, ఫార్మకోపియా కమిటీలో కూర్చుని వాక్యం వాక్యం దిద్దేవాళ్లు? మా వైపు ఒక అమ్మాయి ఒక మందుకి కుందేలు టెస్ట్ ఆపించడానికి నెలల తరబడి డేటా తయారుచేసింది. ఆడిట్ గట్టెక్కింది. ఆ ఏడాది ఇంక్రిమెంట్ మాత్రం బ్యాచ్‌లు ఎక్కువ వదిలినవాళ్లకే దక్కింది. నన్నడిగితే ఈ రంగంలో అవార్డులు ఇవ్వాల్సింది ముందు వీళ్లకే. కొత్త పద్ధతి కనిపెట్టడం పనిలో సగం కూడా కాదు. నియమాల పుస్తకంలోకి ఎక్కేదాకా ఒక్క కుందేలు కూడా పెట్టెలోంచి బయటికి రాదు.

అసలు అతిపెద్ద మార్పులు తెచ్చినవాళ్లలో చాలామందిని ఈ అవార్డుల లెక్కలో ఎవరూ తలుచుకోరు. గర్భం వచ్చిందా లేదా చూడటానికి 1920ల చివర్లో బెర్లిన్‌లో యాష్‌హైమ్, జోండెక్ కనిపెట్టిన పద్ధతిలో ఆ స్త్రీ మూత్రాన్ని ఆడ చిట్టెలుకలకి ఎక్కించి, తర్వాత వాటిని చంపి అండాశయాలు చూసేవారు. తర్వాత కుందేళ్లొచ్చాయి, ఆ తర్వాత దక్షిణాఫ్రికా కప్పలు. 1960లో స్వీడన్‌లో వైడ్, గెమ్‌జెల్ యాంటీబాడీలతో గాజు గొట్టంలోనే ఆ పరీక్ష చేసి చూపించారు. ఇవాళ మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్ ఆ దారిలోనే వచ్చింది. ఇన్సులిన్ కూడా అంతే. మొదట్లో "యూనిట్" అంటేనే కుందేలు రక్తంలో చక్కెర ఎంత పడిపోయిందన్న లెక్క. ఇప్పుడు బ్యాచ్ బలాన్ని, ద్రవంలోని పదార్థాలని వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం చెప్పేస్తుంది. వీళ్లెవరూ జంతు ప్రేమికులుగా పేరు తెచ్చుకున్నవాళ్లు కాదు. కొత్త పద్ధతి చవగ్గా, త్వరగా, ఖచ్చితంగా ఉంది కాబట్టి పాతది పోయింది. మీ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి. జాలి ఒక్కటే ఉంటే రెగ్యులేటర్ కదలడు. పాతదానికంటే మెరుగ్గా పనిచేస్తుందని చూపిస్తే కదులుతాడు.

లష్ ప్రైజ్‌లో నాకు నిజంగా నచ్చినది ఒకటుంది. 2015లో వాళ్లు రెండున్నర లక్షల పౌండ్ల బహుమతిని చర్మపు అలర్జీకి సంబంధించిన పనికి ఇచ్చారు. రసాయనం చర్మానికి తగిలాక అలర్జీ దాకా వెళ్లడానికి నాలుగు మెట్లున్నాయి. ముందు అది చర్మంలోని ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. తర్వాత పైపొర కణాలు ఉలిక్కిపడతాయి. ఆపైన రోగనిరోధక వ్యవస్థకి కబురందించే డెండ్రిటిక్ కణాలు మేల్కొంటాయి, చివరికి దాడి చేసే టి-కణాలు పెరుగుతాయి. ఒక్కో మెట్టుకి ఒక్కో చిన్న పరీక్ష. మొదటిదానికి కణాలు కూడా అక్కర్లేదు, గాజు సీసాలో రసాయన చర్య చాలు. మూడోదానికి పనికొచ్చే హెచ్-క్లాట్ అనే పద్ధతిని జపాన్‌లో కావో, షిసేడో కంపెనీల వాళ్లు తయారుచేశారు. ఒక్క పరీక్షతో తేలదు కాబట్టి రెండు మూడు కలిపి తీర్పు చెప్పే నియమాలని 2021లో ఓఈసీడీ అనే దేశాల కూటమి 497వ నంబర్ మార్గదర్శకంగా ఖాయం చేసింది. అంతకుముందు గినీ పందులు, చిట్టెలుకలే దిక్కు. ఇక్కడ బహుమతి ఏ ఒక్కరి తెలివికో ఇచ్చింది కాదు, ఎన్నో ల్యాబుల వాళ్లు వేసిన దారికి ఇచ్చింది. అలాంటివి ఇంకా రావాలి.

మన దేశం సంగతికొద్దాం. సౌందర్య సాధనాలకి జంతు పరీక్షలని 2014లో నిషేధించారు, అలా పరీక్షించినవాటి దిగుమతి కూడా ఆ ఏడాదే ఆగింది. కొత్త మందుల విషయంలో 2023 మార్చిలో రూల్స్ సవరించి, కణజాల పద్ధతులు, ఆర్గాన్-ఆన్-చిప్ (మనిషి కణాలతో చిన్న చిప్ మీద అవయవంలా పనిచేసే నమూనా), త్రీడీ బయోప్రింటింగ్ లాంటివాటితో వచ్చిన సమాచారాన్ని కూడా జంతు పరీక్షల బదులు ఇవ్వొచ్చన్నారు. అమెరికా 2022 డిసెంబరులో ఇలాంటి చట్టమే తెచ్చింది, మనం మూడు నెలల్లో అందుకున్నాం. కాగితం మీద దారి తెరుచుకుంది. ఆ దారిన నడిచేవాళ్లు ఇంకా తక్కువ. అంటే మీ అమ్మాయి వయసు వాళ్లకి ఇది మంచి సమయమే.

మన వాళ్లలో ఇద్దరిని ఆమె తప్పకుండా తెలుసుకోవాలి. పాండిచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో ఫార్మకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన రవీంద్రన్ ఎక్స్-ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. కప్ప గుండె, కుందేలు కన్ను, కుక్క రక్తపోటు ప్రయోగాలని కంప్యూటర్ తెర మీదే చేయించేది అదే. బీ.ఫార్మసీలో మీ అమ్మాయి దాని మీద క్లిక్ చేసే ఉంటుంది, తయారుచేసిందెవరో మాత్రం లెక్చరర్ చెప్పి ఉండరు. రెండో ఆయన తిరుచిరాపల్లి భారతిదాసన్ యూనివర్సిటీకి చెందిన అక్బర్‌షా. స్విట్జర్లాండ్ ఫౌండేషన్ సాయంతో 2009లో అక్కడ మహాత్మాగాంధీ-డోరెన్‌క్యాంప్ సెంటర్ వచ్చింది. డిగ్రీ కాలేజీల్లో కప్పలని కోయడం తగ్గడం వెనక అక్కడి మనుషుల కృషి చాలా ఉంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఇంక్యుబేషన్ సెంటర్‌లో సెంటర్ ఫర్ ప్రిడిక్టివ్ హ్యూమన్ మోడల్ సిస్టమ్స్ అనే విభాగం పెట్టారు. మీరు ఈ చుట్టుపక్కలే ఉంటే ముందు అక్కడికి మెయిల్ పెట్టమనండి.

ఇదే హైదరాబాద్‌లో 2022లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ కలిసి మనిషి కంటి కణజాలంతో కార్నియాని త్రీడీ ప్రింట్ చేశాయి. అద్భుతమైన పని. దాన్ని పెట్టి చూసింది కుందేలు కంట్లోనే. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మార్పిడి చేసే కణజాలం బతికున్న కంట్లో నిలుస్తుందా లేదా తెలియడానికి ఇప్పటికి ఇంకో దారి లేదు. గర్భంలోని శిశువు మీద ప్రభావం, ఏళ్ల తరబడి వాడితే క్యాన్సర్ వస్తుందా అన్నవి కూడా చిప్‌లతో పూర్తిగా తేలే స్థితికి రాలేదు. 2022లో వచ్చిన ఒక లివర్-చిప్ అధ్యయనంలో 27 మందులని పరీక్షిస్తే, కాలేయాన్ని పాడుచేసేవాటిలో 87 శాతాన్ని అది పట్టుకుంది. జంతు పరీక్షలు దాటించేసిన మందులు కూడా అందులో ఉన్నాయి. అది కాలేయానికి సంబంధించిన జవాబు. మొత్తం శరీరానికి అదే జవాబని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఇంకో సంగతి మీ అమ్మాయి పీహెచ్‌డీ మొదటి వారంలోనే చూస్తుంది. "జంతువులు లేని" సెల్ కల్చర్ ల్యాబ్‌లో ఫ్రిజ్ తెరిస్తే ఫీటల్ బొవైన్ సీరమ్ సీసాలుంటాయి. అంటే కడుపుతో ఉన్న ఆవుని కోసినప్పుడు లోపలి దూడ నుంచి తీసిన రక్తద్రవం. కణాలు దాన్ని తాగే పెరుగుతాయి. సీరమ్ లేని మీడియా తయారుచేయడం చాలామందికి చప్పగా అనిపించే పని, పెద్ద పత్రికల్లో రాదు. నాకు అధికారం ఉంటే వచ్చే పదేళ్ల అవార్డులు ఆ పని చేసేవాళ్లకే ఇస్తాను.

ఉద్యోగాల గురించి కూడా అడిగారు. టీకాలు, ఇంజెక్షన్లు, బయోసిమిలర్లు చేసే కంపెనీలన్నిటికీ ఇప్పుడు ఎండోటాక్సిన్, మాట్, సెల్ బేస్డ్ అస్సే (కణాలతో చేసే పరీక్షలు) తెలిసినవాళ్లు కావాలి. మందులు, టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ హైదరాబాద్ పక్కనే ఉంది. జీతం మామూలు క్యూసీ కంటే మెరుగ్గానే ఉంటుంది. ప్రొఫెసర్ ఉద్యోగమే లక్ష్యమైతే మాత్రం పోటీ ఎక్కువ, ఓపిక కావాలి. అవార్డు కోసం ఈ దారి పట్టొద్దనే చెబుతాను. వస్తే మంచిదే. ఇక్కడ పని ఫలితం కనబడటానికి పది, ఇరవై ఏళ్లు పడుతుందని పైన చూశారుగా.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేరు, పేపర్ల లెక్క చూసి ఆగిపోవద్దనండి. మీ ల్యాబ్‌లో తయారైన పద్ధతిని ఇంకో ల్యాబ్ వాళ్లు చేసి చూశారా, వాళ్లకీ అదే ఫలితం వచ్చిందా అని నేరుగా అడగమనండి. సీనియర్ పీహెచ్‌డీ విద్యార్థులతో విడిగా ఓ అరగంట మాట్లాడించండి. కణాలు, సీరమ్, చిప్‌లకి నిధులు ఎక్కడినుంచి వస్తున్నాయో, ఇంకా ఎన్నేళ్లు ఉంటాయో కనుక్కోమనండి. స్టాటిస్టిక్స్ కోర్సు ఒకటి ఇప్పుడే చేయించండి, వ్యాలిడేషన్ అంతా దాని మీదే నడుస్తుంది. ఓఈసీడీ మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 439, 492, 497 నంబర్లవి చదువుకుని వెళ్తే ఇంటర్వ్యూలో ఆమెని వేరే కళ్లతో చూస్తారు. ఏ ల్యాబ్‌లకి రాయాలనుకుంటోందో ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంతలో చెబుతాను.